పండ్రెండడుగుల ప్రసార విద్య

1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన, భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచియున్న యొక అమెరికా ఉపగ్రహము నుండి మన దేశములోని ఆరు రాష్ట్రముల పల్లెలకు బొమ్మలు దిగివచ్చుట ఆరంభమయ్యెను. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ మొకటి. కోళ్ల దడులకు వాడు ఇనుప వలతో చేసిన పదడుగుల గొడుగు, దాని క్రింద హైదరాబాదు ఈసీఐఎల్ వారు తయారుచేసిన టీవీ పెట్టె. ఇట్టి కొద్దిపాటి సామగ్రితోనే సుమారు 2,400 గ్రామముల జనులు ఒక సంవత్సర కాలము నేలపై గుమిగూడి కూర్చుండి సేద్యపు ముచ్చట్లను, పిల్లల పాఠములను చూచిరి. ఆ ఈసీఐఎల్ వెలసిన కుషాయిగూడ ప్రాంతమును, ఈ వ్యాసమునకు రంగస్థలమైన గాజులరామారమును నేడు ఒకే మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో నున్నవి. అర్ధశతాబ్ది గడచినది; విజ్ఞానము వెల్లివిరిసినది; తత్ఫలితముగా మన కాలనీ గృహస్థునకు వెనుక గదిలోని కంప్యూటరు నుండి ముందు గదిలోని టీవీకి, అనగా పండ్రెండడుగుల దూరము, ఒక బొమ్మను పంపుటకు ఆదివారమంతయు చాలకున్నది. ఈ విద్యను శాస్త్రోక్తముగా అభ్యసింపగోరు వారి నిమిత్తము కొన్ని సూత్రములు క్రింద వ్రాయబడినవి.

తీగను నిరాకరించుట

కంప్యూటరు ప్రక్కన నొక చిన్న రంధ్రము, టీవీ వెనుక అట్టిదే మరియొకటి యుండును. 2002వ సంవత్సరాంతమున వెలువడిన హెచ్‌డీఎంఐ అను ప్రమాణము ననుసరించి ఈ రెంటిని ఒక్క తీగతో కలిపినచో బొమ్మయు శబ్దమును జంటగా, తక్షణమే, తెరపైకి వచ్చును. షాపూర్‌నగర్‌లో ఎలక్ట్రానిక్ సామాను అమ్ము ఏ దుకాణములో నడిగినను ఐదు మీటర్ల తీగ కొన్ని వందల రూపాయలకు దొరకును. కావుననే దానిని కొనరాదు. తీగను గ్రుచ్చుట మూడవ తరగతి పిల్లవాడు సైతము చేయగలడు. అందరును చేయగల పనిలో ఆచార్యత్వమునకు తావు లేదు. గృహస్థుడు వారమున ఆరు దినములు ఆఫీసులో నొకరి మాట వినువాడు. ఏడవ దినమున తన మాట లేనిదే ఇంటిలో బొమ్మ కదలదను గౌరవమును వందల రూపాయల తీగకు బలి యిచ్చుట వివేకము కాదు.

ఎవరైన నెదురు ప్రశ్న వేసినచో, తీగ కాళ్లకు తగులుననియు, హాలు అందము చెడుననియు చెప్పవలెను. అప్పటికే టీవీ క్రింద సెట్‌టాప్ బాక్సు, స్టెబిలైజరు, స్పీకర్లు, సీరియల్ బల్బులు వీని తీగలు ముడివడి యున్న సంగతి ఎవరికిని స్ఫురింపదు. పెన్‌డ్రైవు ప్రసక్తి వచ్చినప్పుడు గంభీరముగా తల పంకించి, "ఫ్యాట్ 32 పద్ధతిలో ఒక్కొక్క ఫైలు నాలుగు జీబీకి మించరాదు" అని పలుకవలెను. ఇది సత్యము. మరియొక పద్ధతిలో ఫార్మాటు చేసినచో ఈ యడ్డంకి తొలగుననుటయు సత్యమే గాని, అడుగని సత్యమును చెప్పవలసిన పని లేదు.

రౌటరు స్థానమును గౌరవించుట

మన ప్రాంతమున ఇంటర్నెట్టు తీగ కరెంటు స్తంభముపై చుట్టలు చుట్టలుగా వ్రేలాడు నల్లని తీగలలో నుండి విడివడి, బాల్కనీ గ్రిల్లు మీదుగా లోనికి వచ్చును. దానిని బిగింపవచ్చిన కుర్రవాడు స్తంభమునకు దగ్గరగా నున్న గోడకే రంధ్రము చేసి, చెప్పుల స్టాండుపై రౌటరు నుంచి వెడలిపోవును. ఆతడుంచిన చోటినుండి దానిని ఎన్నడును కదల్పరాదు. అక్కడినుండి వెనుక గదికి పోవుటకు తొమ్మిదంగుళముల ఇటుక గోడ, ఇనుప బీరువా, దాని తలుపునకు నిలువుటద్దము అడ్డుపడవలెను. రేడియో తరంగములను ఇనుము త్రిప్పికొట్టును. అద్దము వెనుక పూసిన లోహమును ఆ పనియే చేయును. నీరు వానిని త్రాగివేయును గనుక నడుమ నొక అక్వేరియమున్నచో మరియు శ్రేష్ఠము.

2.4 గిగాహెర్ట్జుల వైఫైలో ఒకదానిపై నొకటి పడక నడువగల దారులు ఒకటి, ఆరు, పదునొకండు అను మూడే. ఐదంతస్తుల అపార్టుమెంటులోని ఫ్లాట్లన్నిటి రౌటర్లును ఈ మూడు దారులనే పంచుకొనవలెను. 5 గిగాహెర్ట్జుల దారి విశాలమే గాని గోడను దాటుటకు దానికి శక్తి చాలదు. గదిలో రౌటరున్నవాడు దానిని వాడుకొనవచ్చును. మనము తెరపై నాలుగు గీతలు నిండుగా కనబడు పాతదారినే యెన్నుకొనవలెను. వేగము కంటె గీతలు కంటికి ఇంపు.

ఇంత చేసియు బొమ్మ ఆగి ఆగి వచ్చుచున్నచో, ఇంటర్నెట్టు ప్లానును నూరు మెగాబిట్ల నుండి మూడు వందలకు పెంచవలెను. వెనుక గదిలోని ఫైలు ముందు గదికి వచ్చుటకు వీధిలోనికి పోవలసిన యగత్యము లేదు. అది రౌటరు వరకు వెళ్లి అక్కడినుండియే మరలి వచ్చును. ఇంటర్నెట్టు పూర్తిగా నిలిచిపోయినను ఆ రాకపోకలకు భంగము లేదు. రెండు గంటల నలుబది నిమిషముల సినిమా ఎనిమిది జీబీ లున్నచో దానికి సెకనుకు ఏడు మెగాబిట్లు నిండుగా పట్టవు. అయినను నెలనెలా అదనముగా కట్టు రుసుము మన దీక్షకు నిదర్శనమై నిలుచును. స్పీడు టెస్టులో ముల్లు ఎగసిపడుట కుటుంబమునకు చూపుటకును పనికివచ్చును. రౌటరు నుండి కంప్యూటరు వరకు ఒక ల్యాను తీగ వేసినచో సగము బాధ తీరునని చెప్పువారిని మొదటి సూత్రము చదివి రమ్మనవలెను.

యంత్రములకు పరిచయము చేయుట

ఏ కంపెనీ కంప్యూటరైనను ఏ కంపెనీ టీవీతోనైనను మాటలాడవలెనను సదుద్దేశముతో 2003లో సోనీ, ఇంటెల్ మొదలగు సంస్థలు కూడి యొక సమాఖ్యను స్థాపించినవి. అదియే తరువాత డీఎల్ఎన్ఏ అను పేర ప్రసిద్ధి గాంచెను. ఆ సమాఖ్య తన లక్ష్యము నెరవేరినదని చాటి 2017లో తన్ను తానే రద్దు చేసికొనెను. ఈ వార్త వెనుక గదిలోని కంప్యూటరుకు ఇంకను చేరలేదు.

పద్ధతి మాత్రము మిక్కిలి సరళము. టీవీ 239.255.255.250 అను ఉమ్మడి చిరునామాకు, "ఈ యింటిలో బొమ్మలు గలవా రెవరు?" అని యొక కేక పంపును, కంప్యూటరులోని సర్వరు "నేనున్నాను" అని బదులు పలుకును. ఈ సంభాషణము జరుగకుండుటకు చాలిన ఏర్పాట్లు మన చేతులలోనే యున్నవి. విండోస్ సెట్టింగులలో ఇది పబ్లిక్ నెట్‌వర్కా, ప్రైవేటు నెట్‌వర్కా యని యెన్నుకొను చోటొకటి యుండును. భయభక్తులు గల గృహస్థుడు పబ్లిక్ అని నొక్కును. నాటినుండి కంప్యూటరు తన యింటిలోనే తాను రైల్వే స్టేషనులో నున్నట్లు భావించి యెవరికిని బదులు చెప్పదు. అతిథుల కొరకు వేరుచేసిన గెస్టు వైఫైలో టీవీని చేర్చుట రెండవ యుపాయము. తనదే యొక వేరు నెట్‌వర్కును సృష్టించు రెండవ రౌటరును హాలులో పెట్టుట మూడవది. ఈ మూడింటిలో నేది కారణమో తేల్చుకొనుటకు మునుపే సర్వరు సాఫ్ట్‌వేరును తీసివేసి మరియొకటి వేయవలెను: ప్లెక్స్ నుండి జెల్లీఫిన్‌నకు, జెల్లీఫిన్ నుండి కోడీకి, కోడీ నుండి మరల ప్లెక్స్‌నకు.

కట్టకడపట టీవీలో పాస్‌వర్డు కొట్టవలసి వచ్చును. తెరపై అక్షరముల పట్టిక వచ్చినప్పుడు రిమోటు బాణముతో ఒక్కొక్క గడి దాటుచు, పెద్దక్షరమునకొకసారి, అంకెలకొకసారి, "ఎట్" గుర్తుకొకసారి పట్టిక మార్చుచు పోవలెను. పదునాలుగవ గుర్తు వద్ద బాణము ఒక గడి ఎక్కువ జరిగి వెనుకకు పోవు మీట నొక్కబడినచో మొదటినుండి ఆరంభింపవలెను. ఇచ్చట విసుగుకొనువాడు ఈ విద్యకు అనర్హుడు.

ప్రదర్శనమునకు తగిన బొమ్మ నెన్నుకొనుట

తొలి ప్రదర్శనమునకు సినిమా పనికిరాదు. దానిని చూపుటకు వేరు మార్గములు కలవు. మరి యెచ్చటను దొరకని బొమ్మను, అనగా తన పెండ్లి క్యాసెట్టు నుండి డీవీడీకి, డీవీడీ నుండి హార్డ్‌డిస్కుకు వచ్చిన వీడియోను, ఎన్నుకొనవలెను. దాని యెదుట కూర్చుండుటకు తల్లిని పిలువవలెను. ఆమెకు కావలసినది మంగళసూత్రధారణము కాదు. తాంబూలముల దృశ్యముపై వీడియోగ్రాఫరు మిక్సింగులో త్రిప్పిన గులాబీ హృదయములు అంతకంటె కావు. బరాతులో, బ్యాండువాని ముందర, తువ్వాలు తలపై త్రిప్పుచు తన అన్న ఆడిన ఆట ఆమెకు కావలెను. ఆ అన్న ఇప్పుడు లేడు.

డీవీడీ నియమము ప్రకారము అందలి బొమ్మ ఒక్కొక్కటి ఒక్క జీబీకి లోబడిన తునకలుగా నరుకబడి యుండును. ఆచార్యుడు వానిని కలిపి యొక ఫైలుగా చేయక, ఉన్నవానిని ఉన్నట్లే సర్వరులో నుంచవలెను. అప్పుడు టీవీ వానిని నాలుగు వేరు సినిమాలుగా నెంచును. మొదటి తునక జీలకర్ర బెల్లము పెట్టబోవు నడుమ ముగిసి తెర నల్లబడును; రెండవ తునకను రిమోటుతో వెదకి పెట్టవలెను; బరాతు నాలుగవ తునకలో నుండును. నాలుగవదానిని తెరచిన తోడనే తెర నడుమ చక్రమొకటి తిరుగ నారంభించును.

"ఓ బిడ్డా, మా అన్న ఆడేది పెడ్త అన్నవ్, గిదేంది గిర్రున తిరుగుతనే ఉన్నది?"

"బఫరింగ్ అమ్మా" అని మాత్రమే బదులు చెప్పవలెను. వంటింటినుండి "ఏమండి, అత్తమ్మ కూసొని గంటయింది, అన్నం పెట్టాల్నా వద్దా?" అను ప్రశ్న వచ్చినను అదే సమాధానము చాలును.

చక్రము తిరుగుటకు కారణములనేకములు. చిత్తారమ్మ జాతరలో ఫోనుతో తీసిన వీడియో అయినచో అది 2013లో వెలువడిన హెచ్ఈవీసీ పద్ధతిలో ముడుచుకొని యుండవచ్చును. దానిని విప్పుట పాత టీవీకి తెలియదు గనుక కంప్యూటరే దానిని విప్పి, టీవీకి తెలిసిన రూపమున మరల ముడిచి, అప్పటికప్పుడు అందింపవలెను. ఈ పనిలో ల్యాప్‌టాపు ఫ్యాను జీడిమెట్ల పారిశ్రామికవాడలోని కంప్రెసరు వలె మ్రోగును. ఒక్కొక్కప్పుడు బొమ్మ నిర్మలముగా వచ్చి శబ్దము రాదు; ఫైలులోని డీటీఎస్ శబ్దమును విప్పు హక్కును ఆ టీవీ కంపెనీ కొనకుండుటయే అందులకు కారణము. తెలుగు సబ్‌టైటిళ్లకు బదులు చతురస్రములు వరుసగా వచ్చినచో, అది టీవీకి తెలుగు లిపి లేకుండుట వలన. 1991 నుండి యూనికోడులో మన యక్షరములున్న సంగతి దానికి నచ్చచెప్ప వీలు కాదు. ఇవి యేవియు కాక, పదునైదు నిమిషములు కీబోర్డు తాకువారు లేకపోయినందున కంప్యూటరు నిద్రపోయి యుండుటయు గలదు. దీనిని అన్నిటికంటె చివర పరీక్షింపవలెను.

విజయమును నివారించుట

ఆచార్యుడు వెనుక గదిలో రౌటరును ఆర్పి వెలిగించుచున్న వేళ, ఏడవ తరగతి చదువు కుమారుడు "డాడీ, పెన్‌డ్రైవ్‌ల ఏస్తే అయిపోతది గద" అని గొణుగుచు నాలుగవ తునకను పెన్‌డ్రైవులో కాపీ చేసికొనిపోయి టీవీకి గ్రుచ్చుట సంభవింపవచ్చును. హాలులో నుండి బ్యాండు మ్రోత, దానివెంట "అగో, మా అన్న! ఇంకోసారి పెట్టు బిడ్డా" అను కేక వినబడును. దీనికి కలత చెందరాదు. వారు చూచినది బొమ్మయే గాని ప్రసారము కాదు. సెట్టింగులలో తెరచిన పేజీని మూయక, మొదలుపెట్టిన అప్‌డేటును ఆపక, పనిని కొనసాగింపవలెను. ఒకవేళ అన్నియు కుదిరి వైఫైలోనే బొమ్మ వచ్చినచో, ఏ మీట నొక్కుటచే వచ్చినదో కాగితముపై వ్రాసి పెట్టరాదు. భార్యకు గాని కుమారునకు గాని నేర్పరాదు. వచ్చిన వారమే రౌటరు మార్చి క్రొత్తది తెప్పింపవలెను.

ఇట్టివానికి కీర్తి తనంతట తానే వచ్చును. పై అంతస్తువారు లిఫ్టులో కలిసి, "మీ ఇంట్ల కంప్యూటర్ బొమ్మలు టీవీల వస్తయట గద అన్నా, మాకు గూడ పెట్టిస్తవా? ఎంతసేపు పడ్తది?" అని యడిగెదరు. ఐదు నిమిషములని చెప్పవలెను. చెప్పి, ఇంటిలో తన కొరకు భోజనమునకు కనిపెట్టుకొని యుండవద్దని కబురు చేసి, వారి వెంట పై అంతస్తునకు పోవలెను.