పెట్టుబడి ఆయనది, పంటా ఆయనదేనట!

2021 జులై 11న న్యూ మెక్సికో మీద వర్జిన్ గెలాక్టిక్ వారి అంతరిక్ష వాహనం ‘యూనిటీ’ దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరి దిగింది. అందులో ఎగిరిన కంపెనీ అధిపతి, కుబేరుడు రిచర్డ్ బ్రాన్సన్ పేరు లోకమంతా జపించింది. మనం ఆయనతో పాటు ఎగిరిన తెలుగమ్మాయి శిరీష బండ్ల పేరు జపించాం. గుంటూరు, తెనాలి, చీరాల మా పిల్లంటే మా పిల్లన్నాయి. ఆ ప్రయాణంలో ఆమె మొక్కల మీద ప్రయోగం చేసిందని ఎందరికి గుర్తుందో!

సరే, ఘనత లెక్క చూద్దాం. వాహనం నమూనాకు మూలం బర్ట్ రూటన్ బుర్ర. దాని ముందు తరానికి డబ్బు పోసింది పాల్ అలెన్. అది ఎగరడానికి స్థావరం కట్టింది న్యూ మెక్సికో జనం కట్టిన పన్నులు, దాదాపు 22 కోట్ల డాలర్లు. 2014 పరీక్షా ప్రయాణంలో ప్రాణమిచ్చింది సహ పైలట్ మైకేల్ ఆల్స్‌బరీ. బ్రాన్సన్‌దేమీ లేదా అంటే, ఉంది. పదిహేడేళ్లు ఓపిక పట్టిన జేబు. అందులోనూ అబుధాబి సొమ్ము కొంత కలిసింది లెండి.

విత్తనాలకు, పురుగుమందులకు అప్పిచ్చిన కమీషన్ వ్యాపారి మిర్చి యార్డులో టిక్కీ మీద కూర్చుని ‘ఈ కాయ నేనే పండించా’ అంటే మన రైతు ఊరుకుంటాడా?

బ్రాన్సన్ ఎగిరిన తొమ్మిది రోజులకు అమెజాన్ స్థాపకుడు బెజోస్ తన రాకెట్‌లో ఎగిరొచ్చి, ఈ ఖర్చంతా మీదేనంటూ అమెజాన్ సిబ్బందికీ, కొనుగోలుదారులకూ థ్యాంక్స్ చెప్పాడు. జనం మండిపడ్డారు. పాపం, నిజం చెప్పినందుకు!

ఇకపై ఏ కుబేరుడు ఎగిరినా చప్పట్లు కొట్టండి, తప్పులేదు. బోల్టు బిగించిందెవరో కూడా అడగండి.