రికార్డింగ్ తెరవకండి

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. పక్కింటి అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. "మేడమ్, లైవ్ క్లాసు వినాలా, రికార్డింగ్ చూసుకుంటే చాలా?" అని అడిగింది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఏం జరిగినా సరే, లైవే వినండి.

ముందు ఫోనులో దాచుకున్న పాఠాలన్నీ తుడిచేయండి. తర్వాత చూసుకోవచ్చన్న ధీమాయే క్లాసులో కునుకు తెప్పిస్తుంది. 1984 ఆగస్టు 15న యూజీసీ వారి పాఠాలు దూరదర్శన్‌లో మొదలయ్యాయి. నేను ఎదురింటివాళ్ల టీవీలో చూసేదాన్ని. పాఠం వెనక్కి తిరిగేది కాదు. ఆ ఇంగ్లీషు సగం అందేది కాదు. అందని సగం కోసం మర్నాడు మా లెక్చరర్‌గారి వెంటపడేదాన్ని. అలాగే నేర్చుకున్నాను, మీరూ అలాగే నేర్చుకోండి.

సిగ్నల్ లేకపోతే డాబా ఎక్కండి. వాన పడుతుంటే గొడుగు పట్టుకోండి. 2020 లాక్‌డౌన్‌లో పిల్లలు పొలం గట్ల మీద కూర్చుని విన్నారు. మాట తెగిపోతే నోట్సులో ఆ మేరకు ఖాళీ వదిలి ముందుకు సాగండి.

క్లాసు వేళకు పార్ట్‌టైం డ్యూటీ పడితే వేళ మార్పించుకోండి. ఒప్పుకోకపోతే పని మానేయండి. డబ్బుకు ఇబ్బందే, తెలుసు. డబ్బు మళ్లీ వస్తుంది, ఆ గంట రాదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది రికార్డింగ్‌ను రెండింతల వేగంతో చూడటం. బోర్డు మీద నిరూపణ రాస్తూ మాస్టారు మూడో వరుస దగ్గర ఆగుతారు. సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పుతారు. రాసింది చెరిపి మళ్లీ రాస్తారు. తర్వాతి మెట్టు ఏమై ఉంటుందా అని మీ బుర్ర కదిలేది ఆ నిశ్శబ్దంలోనే. మీరు దాన్ని సగానికి కోసేస్తున్నారు. మాకు కావలసినచోట ఆపుకుంటామంటారు. వద్దు. ఎక్కడ ఆగాలో పాఠం చెప్పేవారికే తెలుసు.

డౌటు చాట్‌లో రాయకండి, మైకు తీసి అడగండి. డౌటు లేకపోయినా మొదటి పది నిమిషాల్లో ఏదో ఒకటి అడగండి, గొంతు పెగులుతుంది.

స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సు తీసుకుంటే వీడియోలు తప్పవు. అక్కడా పూర్తిగా మీ ఇష్టం కాదు. 12 వారాల కోర్సుకు వారం వారం అసైన్‌మెంట్ గడువు ఉంటుంది. వాటిలో మెరుగైన 8 లెక్కలోకి తీసుకుని 25 శాతం, పరీక్షకు 75 శాతం వేస్తారు. కాబట్టి నలుగురు కలిసి ఒక వేళ పెట్టుకోండి. అందరూ ఒకేసారి వీడియో మొదలుపెట్టండి. మధ్యలో ఎవరు ఆపమన్నా ఆపకండి. దూరవిద్య కోసమే 1982లో హైదరాబాదులో పుట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా పుస్తకాలు పంపి ఊరుకోలేదు, ఆదివారాలు పిల్లల్ని కూర్చోబెట్టి క్లాసులు చెప్పించింది.

నిన్న రాత్రి పదకొండింటికి పక్కింటి కిటికీలోంచి పాఠం వినిపించింది. వెళ్లి తలుపు తట్టాను. "ఏడింటికే అయిపోయిన క్లాసు ఇప్పుడేమిటి తల్లీ?" అన్నాను. ఏడింటికి కరెంటు లేదంది. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. రేపటినుంచి ఆరూ ముప్పావుకల్లా వచ్చి కూర్చోమన్నాను.