ఖాళీ బండికి ఫస్ట్ క్లాస్

అమీర్‌పేటలో సర్టిఫికెట్ అంటే ఎవరూ ఉలిక్కిపడరు. మైత్రీవనం చుట్టూ నాలుగు సందులు తిరిగితే చాలు, డిగ్రీ నాలుగేళ్లలో నేర్పనిది నలభై ఐదు రోజుల్లో నేర్పేస్తామనే ఫ్లెక్సీలు నెత్తిమీద వేలాడుతుంటాయి. ఇలాంటి పేటలో ఏళ్ల తరబడి తిరిగిన బండికి ఆ గాలి సోకకుండా ఉంటుందా? మా సందులో హాస్టళ్లకు నీళ్ల క్యాన్లు వేసే పికప్ కూడా ఏడాదికోసారి క్రాష్ కోర్సు చేస్తుంది. వ్యవధి రెండు రోజులు. కోచింగ్ ఇచ్చేది బల్కంపేట వైపు రేకుల షెడ్డులో ఉండే ఉస్తాద్. పరీక్ష పేరు ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్.

బండి 2009 నాటిది. తెలంగాణ కంటే ఐదేళ్లు పెద్దది. రాష్ట్రం టీఎస్ అయింది, 2024లో టీజీ కూడా అయింది, దీని ప్లేటు మీద మాత్రం ఇంకా ఏపీ 09 అనే ఉంది. స్థానికత సంగతి దాన్ని ఎవరూ అడగలేదు. ఆరోగ్యం సంగతి మాత్రం అస్తమానం అడుగుతూనే ఉంటారు. రూలు ప్రకారం కొత్త రవాణా బండికి మొదటి ఫిట్‌నెస్ రెండేళ్లు నడుస్తుంది. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి చూపిస్తే చాలు. ఎనిమిది నిండాయా, ఏటేటా హాజరు కావాల్సిందే. అంటే బండ్లకు షష్టిపూర్తి ఎనిమిదో ఏటే. పదిహేను దాటితే ఇంకో ముచ్చట: 2022 ఏప్రిల్‌లో ఫీజే అమాంతం పెంచారు, పెద్ద లారీకైతే అప్పట్లో పన్నెండున్నర వేలు చేశారు. ముసలివాళ్లకు రైలు టికెట్టులో రాయితీ ఎత్తేసిన ప్రభుత్వం ముసలి బండ్లకు మాత్రం ఎందుకిస్తుంది?

ఫిట్‌నెస్ గడువు దాటితే జరిమానా రోజుకు యాభై రూపాయలు. కిరాణా కొట్టు ఖాతాలా అది పెరుగుతూనే ఉంటుంది. ఆటోలు, క్యాబులు, లారీల వాళ్లు 2022 మే 19న నగరంలో బండ్లు ఆపేసింది ఈ యాభై మీద కోపంతోనే. ఈ పికప్ నడిపే మా క్యాన్లన్న ఓసారి నలభై రోజులు మరిచిపోయి రెండు వేలు కట్టాడు. ఆ రెండు వేలనూ హాస్టళ్ల నీళ్లలోంచే రాబట్టుకున్నాడు, క్యానుకు రూపాయి చొప్పున. పైథాన్ నేర్చుకుందామని వచ్చిన కరీంనగర్ కుర్రాడు ఎవరి ఫిట్‌నెస్ జరిమానా తాగుతున్నాడో వాడికేం తెలుసు!

"స్లాట్ దొరికిందా అన్నా?" అని అడిగాను మొన్న.

"స్లాట్ గురువారం దొరికింది సార్. ఇగ టైర్లే దొరకాలె."

టైర్లు కొనడానికి కాదు, అద్దెకి. చట్టం టైరుకు 1.6 మిల్లీమీటర్ల గాడి ఉండాలంటుంది. మా బండి టైర్లు బట్టతల నిగారింపుకి వచ్చి చాలా కాలమైంది. ఉస్తాద్ దగ్గర ఎఫ్‌సీ సీజన్ కోసమే నాలుగు మంచి టైర్లున్నాయి. పూటకింత అని అద్దె. అవి ఎన్ని బండ్లకు ఫిట్‌నెస్ తెచ్చిపెట్టాయో లెక్క తీస్తే, ఏ కోచింగ్ సెంటరూ అన్ని ప్లేస్‌మెంట్లు చూపించలేదు.

ఇక మిగతా సిలబస్. తుప్పు తిన్న చోట లప్పం, దాని మీద పసుప్పచ్చ పెయింటు. వెనకాల ఎరుపు, ముందర తెలుపు రేడియం. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ఈసారి నిజంగానే దూది. పొగ కోసం డీజిల్ పంపు స్క్రూ అర చుట్టు తిప్పుడు. ఈ తరం డీజిల్ బండికి పొగ 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు దాటకూడదు. స్క్రూ అలా తిప్పితే ఇంజిన్‌కి ఆకలి తగ్గుతుంది, పొగా తగ్గుతుంది. కాకపోతే ఆ స్థితిలో బండి నాలుగు క్యాన్లతో పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కడం కూడా కలే. స్పీడ్ గవర్నర్ ఒకటి ఉంది, 80 దాటనివ్వదట. ఈ బండి 80 చూసి ఎంత కాలమైందో! ఈ చుట్టుపక్కల గవర్నర్ అంటే సోమాజిగూడ రాజ్‌భవన్‌లో ఉండేవారొకరే అనుకునేవాణ్ణి. మా పికప్ బానెట్ కిందా ఒకరున్నారు. సాయంత్రం ఆరింటికి నాగార్జున సర్కిల్ దగ్గర ఆయనకి చేయడానికేం పనుంటుందో నాకైతే అర్థం కాదు.

గురువారం ఎఫ్‌సీకి నేనూ వెంట వెళ్లాను. ఏ గ్రౌండో చెప్పను. మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ అని కాగితాల మీద ఉంటుంది గానీ పాతకాలం డ్రైవర్లకు ఆయన బ్రేకిన్‌స్పెక్టరే. ఇన్ని భాగాలున్న బండిలో అసలు చూడాల్సింది ఏదో పేరు పెట్టినవాళ్లకు బాగా తెలుసు. ఛాసిస్ నంబరు మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దారు. హారన్ కొట్టమన్నారు. లైట్లు, వైపరు, స్టెప్నీ చూశారు. ఓ ముప్పై అడుగులు ముందుకు పోనిచ్చి బ్రేక్ వేయమన్నారు. వేశాడు, ఆగింది. హ్యాండ్ బ్రేక్ లాగమన్నారు. లాగాడు, అప్పుడూ ఆగింది. గ్రౌండ్ క్యారమ్ బోర్డులా చదునుగా ఉంది, లాగకపోయినా ఆగేదే.

అప్పుడు చూశాను వెనకాల తొట్టి వైపు. కడిగి తుడిచి పెట్టారు, ఒక్క క్యాన్ లేదు. నీళ్లకు లెక్క సులువు, లీటరుకు కిలో. ఇరవై లీటర్ల క్యాన్లు తొంభై అంటే 1,800 కిలోలు. కంపెనీవాడు మొయ్యమన్నది టన్నుంపావు. ఈ బండి జీవితంలో ఖాళీగా ఉండేది నీళ్ల ప్లాంటు నుంచి ఇంటికొచ్చే రాత్రి వేళా, ఎఫ్‌సీ రోజూ. తొంభై క్యాన్లతో సందుల్లో తిరిగే బండిని ఎవరూ పరీక్షించలేదు. దాని పోలికలున్న, స్నానం చేసి, అరువు చెప్పులేసుకుని వచ్చిన తమ్ముడెవరినో పరీక్షించి అన్నకి సర్టిఫికెట్ ఇచ్చారు. రోజూ రోడ్డెక్కేది మాత్రం అన్న.

ఇన్‌స్పెక్టర్ని తప్పుపట్టను. వరసలో ఇంకా యాభై బండ్లున్నాయి, ఎండ మాడ్చేస్తోంది. దీనికి మందు యంత్రాలేనని కేంద్రం ఎప్పుడో తేల్చింది. బండి చక్రాల్ని రోలర్ల మీద పెడితే ఏ బ్రేకు ఎంత పట్టిందో అంకెలు చెబుతాయి. కింద పలకలు ఊపితే స్టీరింగ్ కీళ్ల నొప్పులు బయటపడతాయి. పెద్ద బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి, చిన్నవాటికి 2024 జూన్ 1 నుంచి ఆటోమేటెడ్ స్టేషన్లే తప్పనిసరి అన్నారు. తర్వాత ఆ తేదీల్ని 2024 అక్టోబరు 1కి జరిపారు. ఆలస్యానికి రోజుకు యాభై చొప్పున ఎవరు ఎవరికి కట్టారో గెజిట్‌లో వెతికాను, కనిపించలేదు.

ఈ మాట ఉస్తాద్‌తో అంటే ఆయన గ్రీజు చేతులు తుడుచుకుంటూ, "మిషన్‌కి ఛాయ్ తాగిపియ్యలేం గద మియా" అని నిట్టూర్చాడు. తర్వాత కొంచెం ఆలోచించి, "అయినా అదీ ఖాళీ బండినే గద చూసేది" అని తేరుకున్నాడు. ఆ రెండో మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

సాయంత్రానికి అద్దె టైర్లు షెడ్డుకి చేరాయి. పంపు స్క్రూ అర చుట్టు వెనక్కి తిరిగింది. రాత్రి తొమ్మిదింటికి పికప్ తొంభై క్యాన్లతో నల్లగా పొగ కక్కుకుంటూ మా సందు ఎగువకెక్కి లేడీస్ హాస్టల్ ముందు ఆగింది. డ్యాష్‌బోర్డు మీద ఎల్లమ్మ తల్లి ఫోటో వెనకాల ఏడాది వేలిడిటీతో కొత్త కాగితం.

"చోటూ, రాయి!" అని అరిచాడు క్యాన్లన్న.

క్యాన్లు దింపే కుర్రాడు చోటూ సీటు కింద తడిమాడు. రాయి లేదు. ఎఫ్‌సీ రోజు కంటపడితే బాగుండదని పొద్దున షెడ్డులో దింపేశారు, మళ్లీ ఎక్కించడం మరిచారు. క్యాన్లన్న హ్యాండ్ బ్రేక్ రెండు చేతులా లాగి పట్టుకుని, కాలితో పెడల్ తొక్కి, కిటికీలోంచి నావైపు చూశాడు.

"సార్, జర ఒక రాయందుకోండ్రి."

పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ కుప్పలోంచి కాస్త పెద్దది చూసి తెచ్చి వెనక చక్రం కింద పెట్టాను. బండి జానెడు వెనక్కి జారి దాని మీద ఆనుకుంది.