నాక్ సెన్సార్ పోయిందని తేల్చడానికి తిరుగులేని చిట్కాలు

బోనెట్ కింద టకటక మొదలైంది, డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. కంగారు పడకండి. ఇంజన్ టకటకను పసిగట్టే నాక్ సెన్సార్ పోయిందని ఇంట్లోనే తీర్మానం చేసుకుని షెడ్డుకు బయలుదేరండి. పరీక్షలదేముంది, తర్వాత చేయించుకోవచ్చు.

దారిలో టీ కొట్టు దగ్గర ఆగి సలహా అడగండి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఆ ఊరు 2022లో శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయినా, అనంతపురంలో ప్రతివాడూ ఇంజన్ నిపుణుడే. "సెన్సారే అన్నా, వేరే ఏముంటాది" అని కనీసం ఇద్దరు చెబుతారు.

షెడ్డులో స్కానర్ పెడితే పీ0325 వచ్చిందనుకుందాం. సెన్సార్ సర్క్యూట్‌లో తేడా ఉందని దాని అర్థం. సర్క్యూట్ అంటే వైరు, కనెక్టరు కూడా. అంత లోతుకు మీరు పోవద్దు. కోడులో సెన్సార్ పేరు వినబడింది కదా, చాలు. శనక్కాయ మూటలు వేసిన కొట్టం పక్కనే రాత్రంతా కారు ఆపినా సరే, వైరు వైపు చూడకండి. అంత కమ్మటి కాయలు వదిలి ఎలుక వైరెందుకు కొరుకుతుంది, మీరే చెప్పండి.

ఇప్పుడు అసలైన పరీక్ష. మల్టీమీటర్‌ను బజర్‌లో పెట్టి సెన్సార్ పిన్నులకు ఆనించండి. మోగదు. లోపల ఉండేది పీజో పలక. అది అదిరితే కాస్త వోల్టేజీ పుట్టిస్తుంది గానీ, తీగలాగా కరెంటును పారనివ్వదు. బాగున్న సెన్సార్లు కూడా చాలావరకు మెగా ఓముల్లోనే చూపిస్తాయి. అంటే ఈ పరీక్షలో నెగ్గే నాక్ సెన్సార్ ఉండదు. ఇంత నికరమైన పరీక్ష ఇంకోటి దొరకదు. కొత్తదాన్ని కూడా ఇలాగే చూసి, ఇదీ పోయిందని షాపువాడితో తగువు పెట్టుకోవచ్చు.

ఇంజన్ నడుస్తుండగా సెన్సార్ దగ్గర బ్లాకును చిన్న సుత్తితో మెల్లగా తట్టి, స్కానర్‌లో స్పార్క్ టైమింగ్ వెనక్కి జరుగుతోందా అని చూసే మెకానిక్కులున్నారు. వాళ్లకు ఓపిక ఎక్కువ. మీరు సెన్సార్ నెత్తి మీదే ఒక్కటి వేయండి, అనుమానం శాశ్వతంగా తీరిపోతుంది.

కొత్తది బిగించడానికి లారీ చక్రాల పానా తెచ్చుకోండి. చాలా రకాలకు 20 న్యూటన్ మీటర్ల బిగువు చాలునని, శుభ్రమైన బ్లాకు మీద నేరుగా కూర్చోవాలని మాన్యువల్‌లో రాస్తారు. మన చెయ్యి ఉండగా మాన్యువల్ ఎందుకు? మధ్యలో ఒక వాషర్ కూడా వేయండి. పోనీ వదులుగా వదిలేసినా నష్టం లేదు, అదుర్లు ఎలాగూ సరిగ్గా అందవు.

ఇంకా టకటక ఆగలేదా? ఎండను, కల్తీ పెట్రోలును, సిలిండర్‌లో పేరుకున్న కార్బన్‌ను మాత్రం అనుమానించకండి. 40 డిగ్రీలు దాటిన ఎండలో, ఏసీ వేసుకుని, ఐదుగురితో టాప్ గేరులోనే ఎత్తెక్కిస్తే మిశ్రమం తనంతట తానే అంటుకుంటుందని చదువుకున్నవాళ్లు అంటారు. గేరు మార్చడం మనకు నామోషీ. ఇథనాల్ కలిస్తే పెట్రోలు ఆక్టేన్ పెరిగి ఈ టకటక, అంటే నాకింగ్, తగ్గాలి. అయినా ఇథనాల్‌నే తిట్టండి, అలవాటైన పని.

చివరి మార్గం, కనెక్టర్ పీకేయడం. కబురు అందక కంప్యూటర్ జంకి టైమింగ్‌ను ముందుజాగ్రత్తగా వెనక్కి లాగుతుంది. పికప్ పడిపోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. టకటక మాత్రం తగ్గవచ్చు. ఏడాది సగటు వానే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండే జిల్లాలో వర్షమాపకాన్ని పీకేసి కరువు పోయిందన్నట్టు, పని సులువు.

మీది డీజిల్ బండా? దానికి టకటక పుట్టుకతోనే వచ్చింది. చాలా డీజిల్ ఇంజన్లకు ఈ సెన్సారే ఉండదు. అయినా మార్చమని అడగండి. మార్చినట్టు బిల్లు రాసిచ్చే షెడ్డు ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఇంత చేసినా పసుపు లైటు ఆరకపోతే దాని మీద నల్ల టేపు అంటించి బండి అమ్మేయండి. ఒక్కటే చిక్కు. తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్ట్ కాకముందు, ఆ లైటు ఒకసారి వెలగాలి. కొనేవాడికి ఈ సంగతి తెలిసుంటే మొదట గోకేది ఆ టేపునే.