పేర్లు చెరిపిన తెలివి

ఆదివాసీ ఆరోగ్యం మీద పరిశోధన చేసి ముందు పీహెచ్‌డీ, తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత ప్రమోషన్ సంపాదించినవాణ్ణి నేను. ఈ మూడింటికీ పెట్టుబడి పాడేరు మన్యంలో జనం ఇచ్చిన రక్తం. ప్రతిఫలంగా నేనిచ్చింది తలా ఒక బిస్కెట్ ప్యాకెట్.

నా అంశం సికిల్ సెల్. లోపమున్న జన్యువు తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తే బిడ్డకి జబ్బు వస్తుంది. ఒక్కరి నుంచే వస్తే ఆ బిడ్డ వాహకుడు, మామూలుగా ఏ బాధా ఉండదు. జబ్బున్నవాళ్ల ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. విపరీతమైన నొప్పులు, రక్తహీనత, మాటిమాటికీ జ్వరాలు. మన దేశంలో దీన్ని 1952లోనే నీలగిరి ఆదివాసుల్లో గుర్తించారు. పసితనంలోనే బయటపడితే టీకాలు, పెన్సిలిన్, ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీయూరియాలతో బిడ్డని చాలావరకు కాపాడుకోవచ్చు. ఈ జబ్బుకి ముందుగా తెలియడమే సగం వైద్యం. ఈ మాట నా థీసిస్ మొదటి అధ్యాయంలోనే ఉంది. రాసింది నేనే.

పని మొదలుపెట్టే ముందు రెండు ఉదంతాలు చదివి హడలిపోయాను. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం జరిగింది. చాలామంది గిరిజన బాలికల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని తేలింది. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. రెండోది అరిజోనాలోని హవసుపాయి తెగది. మధుమేహం పరిశోధన కోసమని ఇచ్చిన రక్తాన్ని స్కిజోఫ్రెనియా మీదా, పూర్వీకుల వలసల మీదా అధ్యయనాలకు వాడారని వాళ్లు కోర్టుకెక్కారు. 2010లో ఆ పరిశోధన చేసిన విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లిచ్చి, నమూనాలు తిరిగి అప్పగించి రాజీపడింది.

బుద్ధిమంతుడెవడైనా వీటి నుంచి జనానికి జవాబుదారీగా ఉండాలని నేర్చుకుంటాడు. నేను మాత్రం దొరక్కుండా ఉండాలని నేర్చుకున్నాను. రక్తం పట్టిన ప్రతి గొట్టానికీ ఒక కోడ్ నంబర్ వేశాను. ఏ నంబర్ ఎవరిదో రాసుకున్న జాబితాని పరీక్షలకు ముందే చింపేశాను. ఎథిక్స్ కమిటీ మెచ్చుకుంది. గోప్యత అంటే ఇలా ఉండాలని నా పిల్లలకి, అంటే విద్యార్థులకి, రెండేళ్లు పాఠం కూడా చెప్పాను.

ఈ పరిశోధన మీద నా వ్యాసం పత్రికలో అచ్చయ్యాక రంగుల ప్రింట్లు తీసుకుని, రక్తం తీసిన ఊరెళ్లాను. ఫలితాలు ప్రజలతో పంచుకోవడమంటే అదేనని నా నమ్మకం. వ్యాసమంతా ఇంగ్లిష్. అంగన్‌వాడీ గోడకి ఒకటి అంటించి ఫొటో కూడా తీయించుకున్నాను. అప్పుడొక ముసలమ్మ అడిగింది: "మా మనవడికి రగతం తీశావు గదా బాబూ, ఏటొచ్చింది?"

"పేర్లన్నీ రహస్యంగా ఉంచామమ్మా" అన్నాను, కాస్త గర్వంగానే.

"ఎవులికి తెలకుండా? మాకేనా?"

ఆ పిల్లాడు నా మూడో పట్టికలో జబ్బున్నవాళ్ల వరుసలో ఉండొచ్చు, లేకపోవచ్చు. తెలుసుకునే దారిని నా చేతులతోనే మూసేశాను. జాబితాని బీరువాలో పెట్టి తాళం వేసి, ఫలితం వచ్చాక ఇంటింటికీ వెళ్లి చెప్పి ఉంటే గోప్యతకి ఏ లోటూ వచ్చేది కాదు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో పరీక్ష చేసి, ఫలితం రాసిన కార్డు మనిషి చేతికిస్తున్నారు. అది తట్టడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. నాకు తట్టకపోవడానికి పీహెచ్‌డీ కొంత సాయపడిందని నా అనుమానం.

తప్పంతా వ్యవస్థ మీదికి నెట్టేయొచ్చు. ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఏ పత్రికలో అచ్చయిందని అడిగారుగానీ, ఎన్ని ఇళ్లకి ఫలితం చేరిందని ఎవరూ అడగలేదు. నిజమే. కానీ ముసలమ్మ అడిగిందిగా! ఆవిడ అడిగేదాకా నన్ను నేను అడగలేదే!

ఇప్పుడు ఏ విద్యార్థి ప్రతిపాదన తెచ్చినా ముందు అడిగేది ఒక్కటే: ఫలితం ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో ఆ ఇంటికి చెబుతారు? వాళ్లు నన్ను మహా నీతిమంతుణ్ణనుకుంటున్నారు. మరి ఆ వ్యాసాన్ని నా బయోడేటాలోంచి తీసేశానా అంటే, లేదు. నా రచనల్లో అందరూ ఎక్కువగా ఉటంకించేది అదే మరి!