కుండీ గారి గృహప్రవేశం

న్యూజెర్సీలో అక్టోబరులో ఒక రాత్రి వస్తుంది. ఫోన్లో ఫ్రాస్ట్ వార్నింగ్ మోగుతుంది. అప్పటిదాకా వెనక డెక్ మీద దిక్కూమొక్కూ లేకుండా పడున్న కరివేపాకు మొక్క ఒక్కసారిగా ఇంటి బిడ్డయిపోతుంది. రాత్రి పదింటికి ఆయన హవాయి చెప్పులతో పరిగెత్తుతాడు. "కార్పెట్ జాగ్రత్త!" అని లోపల్నించి ఆవిడ కేక. కుండీ వచ్చి సోఫా పక్కన చేరుతుంది. ఆయన వేపనూనె రెండుసార్లు తుస్సుమనిపించి, "ఇంక ఒక్క పురుగుంటే ఒట్టు" అని ప్రకటిస్తాడు.

వీసా స్టాంపింగుకి పేస్లిప్పులన్నీ పరిచి చూపించుకున్న మనిషే. ఆవకాయ సీసా కోసం కస్టమ్స్ వాళ్ళకి సంజాయిషీ చెప్పుకున్న మనిషే. ఆకు తిప్పైనా చూడకుండా పిండినల్లికి మాత్రం గ్రీన్‌కార్డు చేతిలో పెట్టేశాడు!

కాడ మీద గోధుమరంగు బొడిపెలు కనిపిస్తే "బెరడేలే" అంటాడు. గోటితో గీకితే ఊడొచ్చేది బెరడు కాదు నాయనా, పొలుసు పురుగు. డొప్ప కప్పుకుని కూర్చున్న దాన్ని ఆ రెండు తుంపర్లేం చేస్తాయి? గుడ్లు చాలావరకు క్షేమం. అవి పిల్లలయ్యేసరికి, బయట వాటిని తినే అక్షింతల పురుగులూ లేవు, ఆకు కడిగే వానా లేదు. హీటరు పొడిగాలి ఉంది, ఎర్రనల్లికి కావలసిందే అది.

డిసెంబరుకి ఆకులు రాలతాయి. "చలికి బెంగ పెట్టుకుంది" అని రోజూ చెంబెడు నీళ్ళు. వేళ్ళు కుళ్ళుతాయి. తడిమట్టిలో పుట్టిన బుల్లి ఈగలు కాఫీ కప్పులో ఈదుతాయి.

అసలు పని సెప్టెంబరులోనే, రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగకముందే మొదలవ్వాలి. గొట్టంతో ఆకుల అడుగు కడగాలి, బొడిపెలు గీకాలి, పిండినల్లిని ఆల్కహాలు దూదితో తుడవాలి, పురుగుల్ని చంపే సబ్బునీళ్ళు వారానికోసారి రెండు మూడు మార్లు కొట్టాలి. లోపలికి తెచ్చాక కూడా రెండు మూడు వారాలు మిగతా మొక్కలకి దూరంగా వేరే గదిలో ఉంచాలి. "అంత టైమెక్కడిదండీ?" అంటారు. ఇండియన్ స్టోర్లో కరివేపాకు ధర గురించి వాట్సాప్‌లో గంటసేపు వాపోవడానికి మాత్రం ఉంది.

జనవరిలో ఓపిక చచ్చిన మరో మహానుభావుడు ఇమిడాక్లోప్రిడ్ గుళికలు తెచ్చి మట్టిలో కలుపుతాడు. దానికి పిండినల్లి చస్తుంది, నిజమే, ఎర్రనల్లి చావదు. ఆ మందు వేళ్ళలోంచి ఆకుల్లోకి ఎక్కుతుంది, ఆకు పోపులోకి వెళ్తుంది. ఇంటి కుండీలకని అమ్మే ఆ డబ్బా మీద, తినే మొక్కలకి వాడొద్దని రాసే ఉంటుంది. చారు పెట్టేముందు ఆ లేబుల్ చదవండి బాబూ.