కూడబలుక్కున్న జ్వరం

మన డాక్టర్లు ఇంకా పేరు పెట్టని జబ్బు ఒకటుంది. అది విమానాల్లో పనిచేసేవాళ్ళకే వస్తుంది. యాజమాన్యంతో చర్చలు బెడిసికొట్టిన రాత్రి మొదలవుతుంది. పది గంటలకు ఒకరికి ఒళ్ళు వెచ్చబడితే తెల్లారేసరికి వందలమంది మంచమెక్కుతారు. చర్చలు కుదిరాయని టీవీలో స్క్రోలింగ్ రాగానే మాత్ర మింగే పని లేకుండా చెమట పట్టి దిగిపోతుంది. దోమలతో పనిలేదు, కలుషిత నీటితో పనిలేదు. సెల్‌ఫోన్ గ్రూపుల ద్వారా సోకుతుందని నా అనుమానం.

దీని చరిత్ర చిన్నదేం కాదు. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ పేరుతో సంఘం పెట్టుకుంటే యాజమాన్యం ఇద్దరిని ఇంటికి పంపింది. ఆ సెప్టెంబరులో నాలుగొందల మందికి పైగా పైలట్లు కట్టగట్టుకుని జబ్బుపడ్డారు. ఐదు రోజుల్లో కోలుకున్నారు. 2012 మే నెలలో ఎయిరిండియా పైలట్లకు తగిలింది. అది మొండి జ్వరం, 58 రోజులు వదల్లేదు. యాజమాన్యం వాళ్ళ ఇళ్ళకు డాక్టర్లను పంపింది. మన పల్లెల్లో నిజంగా జ్వరమొచ్చిన మనిషి డాక్టరు కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అరుగు మీద పడిగాపులు పడుంటే, ఢిల్లీ, ముంబైలలో డాక్టరే రోగిని వెతుక్కుంటూ పోయి తలుపు తట్టాడన్నమాట. 2024 మేలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది వంతు. కంపెనీ 25 మందిని తీసేసింది, ఆ వెంటనే ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ ముందు కూర్చుని వెనక్కి తీసుకుంది. జ్వరాలూ తగ్గాయి. కమిషనర్ గారి హస్తవాసి మంచిది.

విమానం దిగని జిల్లాలో కూర్చుని పైలట్ల ఆరోగ్యం గురించి నీకెందుకయ్యా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. మా నెల్లూరికి విమానమంటే చెన్నై, కాదంటే రేణిగుంట. దగదర్తి విమానాశ్రయానికి 2019లో శంకుస్థాపన జరిగింది, రాయి నాటారు, విమానం మొలవలేదు. మాకు ఎగరడమంటే శ్రీహరికోట రాకెట్టే. అదెగిరే రోజున పైన విమానాలు దారి మార్చుకుంటాయి, కింద మా పడవలు సముద్రంలోకి పోవు. అయితే పని ఆపడం అనే విద్యలో మాత్రం మా తీరానికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మే డే నాడే పుట్టిన కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య ఊరు అలగానిపాడు ఈ తీరంలోదే. సారా వేలంపాటలు జరగనివ్వమని 1992లో కలెక్టరాఫీసుకు అడ్డం పడిన ఆడవాళ్ళు ఈ జిల్లావాళ్ళే. నేలటూరు థర్మల్ కేంద్రాన్ని ప్రైవేటుకు లీజుకిస్తామని గత ప్రభుత్వం అన్నప్పుడు ఉద్యోగులు టెంట్లు వేసుకుని ఎండలో కూర్చున్నారు. వీళ్ళలో ఎవరికీ జ్వరం రాలేదు. వచ్చినా మాత్ర వేసుకుని టెంటుకే వచ్చుంటారు.

ఇసకపల్లి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు ఈ పైలట్ల సంగతి చెప్పాను. వల మీంచి తల ఎత్తలేదు. "అందరికీ ఒక్కరోజే జొరమా? ఏంది సామీ అది, అమ్మోరు పోసిందా?" అన్నాడు. కాదు, జీతాల గొడవ, పని మానేశారు అన్నాను. "మానేస్తే మానేశామని చెప్పొచ్చు గదా. మా కాపులు వొద్దంటే ఒక్క పడవ దిగదు. జొరమని చెప్పేదెందుకు? అంత జీతాలు తీసుకునేవోళ్ళు ఆ మాత్రం మాట అనలేరా?"

మత్స్యకార పల్లెల కట్టుబాటు గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. ఊరి కాపులు, అంటే పెద్దలు, కూర్చుని వేట వద్దని తీర్మానిస్తే అది వద్దే. కడలూరు వైపు నుంచి పెద్ద బోట్లు వచ్చి మన వలలు కోసుకుపోయినప్పుడు జువ్వలదిన్నె, ఇసకపల్లి జనం ఆ బోట్లను పట్టి ఒడ్డుకు లాక్కొచ్చింది కూడా ఈ కట్టుబాటు బలంతోనే. దీన్ని నేను పూజించడం లేదు. కాపుల మాట దాటినవాడికి జరిమానా, మరీ దాటితే వెలి. ఆ వెలి పడ్డ కుటుంబాల గోడు పోలీస్ స్టేషన్ల దాకా వెళ్ళిన సందర్భాలున్నాయి. అయితే అందులో దాపరికం లేదు. ఐక్యతకు వెల ఎంతో ముందే చెబుతారు, ఊరంతా కడతారు. మన కెప్టెన్ల ఐక్యతలో వెల ఎంతో చివరిదాకా తెలియదు. తెలిసేసరికి కట్టాల్సినవాడు ఒక్కడే మిగిలుంటాడు, మిగతావాళ్ళంతా కోలుకుని డ్యూటీకి పోయుంటారు.

వాళ్ళ ఐక్యత గురించి నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే వాళ్ళు దాని గురించి చాలా మాట్లాడతారు. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఎయిరిండియాలో కలిపారు. కంపెనీ ఒకటైంది, సంఘాలు రెండు మిగిలాయి. పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళది ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్, పాత ఎయిరిండియా వాళ్ళది ఇండియన్ పైలట్స్ గిల్డ్. 2011 ఏప్రిల్‌లో అసోసియేషన్ సమ్మెకు దిగింది. ఒకే కంపెనీలో ఒకే పని చేస్తున్నాం, వాళ్ళకిచ్చే జీతం మాకూ ఇవ్వండి అన్నది కోరిక. న్యాయమైన కోరికే. హైకోర్టు చట్టవిరుద్ధమంది, సంఘం గుర్తింపు రద్దు చేశారు, పది రోజులు సాగింది. గిల్డ్ ఆ సమ్మెలో దిగలేదు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి గిల్డ్‌కు జ్వరం తగిలింది. కారణం జీతం కాదు. కొత్తగా వస్తున్న బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్ నడపడానికి అవతలి సంఘం పైలట్లకు కూడా శిక్షణ ఇస్తున్నారట! సాటి కార్మికుడికి కొత్త విమానం నేర్పిస్తున్నందుకు నిరసనగా సాటి కార్మికులు 58 రోజులు మంచం దిగలేదు. కార్మిక సంఘీభావం మీద పుస్తకం రాసేవాళ్ళు ఈ అధ్యాయాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక పుస్తకమే మానేసుంటారు. నూరుమంది దాకా ఉద్యోగాలు ఊడాయి. చివరికి ఢిల్లీ హైకోర్టు మెట్ల దగ్గర జులై 3న జ్వరం దిగింది. డ్రీమ్‌లైనర్‌ను తర్వాత రెండు వైపుల వాళ్ళూ నడిపారు. దానికి తన కాక్‌పిట్‌లో కూర్చున్నది ఏ సంఘమో తెలిసినట్టు లేదు.

ఇంతకంటే గొప్ప కథ 2019ది. జెట్ ఎయిర్‌వేస్ అప్పుల్లో మునిగి పైలట్లకు నెలల తరబడి జీతాలు ఆపేసింది. నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ వీరావేశంతో తీర్మానించింది: జీతం లేనిదే పని లేదు, ఏప్రిల్ 1 నుంచి విమానం ఎక్కం. మార్చి 31న మనసు మెత్తబడి 15కు వాయిదా వేసుకున్నారు. 14వ తేదీన మళ్ళీ మెత్తబడ్డారు, కంపెనీకి ఇంకొక అవకాశం ఇద్దామన్నారు. ఏప్రిల్ 17 రాత్రి కంపెనీ తానే విమానాలు ఆపేసింది. సమ్మె వాయిదా వేయడంలో సంఘానికున్న ఓపిక మూతపడడంలో కంపెనీకి లేకపోయింది. పదేళ్ళ కిందట ఇద్దరి కోసం నాలుగొందల మందికి జ్వరం తెచ్చుకున్న అదే గిల్డ్, తన జీతమంతా పోతుంటే పూర్తి ఆరోగ్యంగా ఉంది.

మనవాళ్ళేం తక్కువ తిన్నారా అంటే లేదు. 2022 ఫిబ్రవరి 3న ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు పీఆర్సీ మీద చలో విజయవాడ అంటే, పోలీసుల కళ్ళు కప్పి వేషాలు మార్చుకుని మరీ వేలమంది చేరారు. అప్పటిదాకా 27 శాతం మధ్యంతర భృతి ఇచ్చి 23 శాతం ఫిట్‌మెంట్ ఇవ్వడమేమిటని మండిపోయారు. రెండు రోజుల తర్వాత నాయకులు మంత్రుల కమిటీతో కూర్చుని సమ్మె విరమించి నవ్వుతూ బయటికొచ్చారు. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఉంది. ఇంటద్దె భత్యం కాస్త సవరించారు. ఇచ్చిన భృతిని తిరిగి వసూలు చెయ్యబోమన్నారు, అదీ విజయమే అన్నారు. ఉపాధ్యాయ సంఘాలు మేము ఒప్పుకోలేదంటూ విడిపోయాయి. ఆ నాయకుల మీద ఎన్ని విమర్శలైనా చేయొచ్చు గానీ ఒకటి ఒప్పుకోవాలి. వాళ్ళు సమ్మె అని నోటితో అన్నారు, విరమణ అని నోటితోనే అన్నారు. అంతకుముందు 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులైతే 52 రోజులు ఆ మాట మీదే నిలబడ్డారు. ముఖ్యమంత్రి వాళ్ళంతట వాళ్ళే ఉద్యోగాలు వదులుకున్నట్టు లెక్కేశామన్నా కదల్లేదు. కొందరి ప్రాణాలే పోయాయి. వాళ్ళెవరూ జ్వరం సాకు చూపలేదు.

ఇక యాజమాన్యాల వైపు చూద్దాం, వాళ్ళను వదిలేస్తే పాపం తగులుతుంది. 2008 అక్టోబరులో జెట్ దాదాపు 1,900 మందిని తీసేసి, గగ్గోలు పుట్టేసరికి వెనక్కి తీసుకుంది. మీరంతా నా కుటుంబం, మీ కన్నీళ్ళు చూడలేకపోయానన్నారు అధినేత నరేష్ గోయల్. ఏడాది తిరక్కముందే ఆ కుటుంబంలో పైలట్ పిల్లలు సంఘం పెట్టుకుంటే, జ్వరం తెచ్చుకున్నవాళ్ళను ఉగ్రవాదులతో పోల్చింది కూడా ఆయనే. కుటుంబమంటే యాజమాన్యాల ఉద్దేశం పెద్ద కొడుకు జీతమడగని ఇల్లు. 2024లో విస్తారా కంపెనీ తన పైలట్లకు కొత్త ఒప్పందం చేతికిచ్చింది. 70 గంటల మీద లెక్కగట్టే స్థిర వేతనం ఇకనుంచి 40 గంటల మీదే, సంతకం పెట్టండి అంది. సంతకాల సంగతి ఏమోగానీ ఏప్రిల్‌లో విమానాలు వరసగా రద్దయ్యాయి, చివరికి కంపెనీ రోజుకు పాతిక ముప్పై విమానాలు తానే తగ్గించుకుంది.

నచ్చకపోతే వేరే కంపెనీకి పోవచ్చు గదా అంటారా? 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక నిబంధన పెట్టింది. కెప్టెన్ రాజీనామా చేస్తే ఏడాది ముందు, కోపైలట్ ఆరునెలల ముందు చెప్పాలి. పెళ్ళి సంబంధం తప్పించుకోవడానికి కూడా ఇంత వ్యవధి పట్టదు. పోనీ, అందరూ కలిసి రాజీనామా చేస్తే? ఆస్ట్రేలియా పైలట్లు 1989లో సామూహిక రాజీనామాల అస్త్రం ప్రయోగించారు. 1,600 మందికి పైగా సంతకాలు చేసి విసిరారు. మన ప్రజాప్రతినిధుల రాజీనామాల్లా స్పీకర్ బల్ల సొరుగులో నిలవ ఉంటాయనుకున్నారో ఏమో. కంపెనీలు వాటిని ఆమోదించేశాయి, ప్రభుత్వం వైమానిక దళ విమానాలతో జనాన్ని తిప్పింది. ఆ పైలట్లలో చాలామంది మళ్ళీ తమ సీట్లలో కూర్చోలేదు.

మన పైలట్లు జ్వరాలు మాని నిఖార్సైన దారిలోనూ ఒకసారి నడిచారు. నిద్ర చాలడం లేదని కోర్టుకు పోయి గెలిచారు. వారం విశ్రాంతి 36 గంటల నుంచి 48కి, రాత్రిపూట ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు. రెండో విడత 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. అప్పుడు జబ్బుపడింది పైలట్లు కాదు, ఇండిగో కంపెనీ. దేశీయ విమాన ప్రయాణికుల్లో దాదాపు మూడింట రెండొంతుల మందిని మోసే సంస్థ, నిబంధన వస్తుందని నెలల ముందే తెలిసీ సరిపడా పైలట్లను పెట్టుకోలేదు. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు. పెళ్ళిళ్ళు ఆగాయి, పెట్టెలు పోయాయి. కంపెనీ ఇంటికి డాక్టరును మాత్రం ఎవరూ పంపలేదు. నోటీసులు పంపారు, నోటీసులతోపాటు ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు కూడా పంపారు. పైలట్‌కు జ్వరమొస్తే ఉద్యోగం పోతుంది, కంపెనీకొస్తే నిబంధన పోతుంది.

ఇదంతా చూసి కూడా నేను జ్వరం పక్షం వహించలేను. నెలకు లక్షలు సంపాదిస్తూ, ఆకాశంలో రెండొందల ప్రాణాలకు తానే బాధ్యుణ్ణని కాలరెగరేసే మనిషి, నేలమీద తన కోపానికి బాధ్యుణ్ణని చెప్పుకోలేక థర్మామీటరు చాటున దాక్కోవడం చూడ్డానికి బాగోదు. పైగా ఆ అబద్ధం వల్ల నిజంగా అలిసిపోయి, కళ్ళు మూతలు పడుతున్న పైలట్ ఈరోజు నేను నడపలేనంటే యాజమాన్యం నమ్మదు. సిక్ లీవు అనగానే కుట్ర వాసన చూస్తుంది. ఆ పైలట్ తిట్టుకుంటూ కాక్‌పిట్ ఎక్కితే వెనక సీట్లలో ఉండేది మనం.

ఇప్పుడు చట్టం కూడా తెలివి మీరింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒకే రోజు సగంమంది గాని అంతకంటే ఎక్కువ గాని కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే అది సమ్మే. సమ్మె చేయాలంటే కనీసం 14 రోజుల ముందు నోటీసివ్వాలి. సంఘాలు ఒకటికి మించి ఉన్నచోట యాజమాన్యంతో మాట్లాడే ఏకైక సంఘంగా గుర్తింపు కావాలంటే 51 శాతం కార్మికులు వెనక ఉండాలి. అంటే ఒంటరిగా మాట్లాడాలంటే నూటికి 51 మంది కావాలి, సెలవు పెట్టాలంటే 49 దాటకూడదు. ఐక్యతకు ఇంత కచ్చితమైన కొలతలు కంసాలి కూడా పెట్టడు. పైగా సూపర్వైజరు పని చేస్తూ నెలకు 18 వేలు దాటి తీసుకునేవాడు అసలు కార్మికుడే కాడట. పైలట్ కార్మికుడా కాదా అన్న తగువు ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది.

కోడ్ రాసినవాళ్ళు క్యాజువల్ లీవు అన్నారు గాని సిక్ లీవు ఊసెత్తలేదు. ఈపాటికి ఏ జాగ్రత్తపరుడైన సంఘ కార్యదర్శో లాయరును పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకైనా మంచిదని, ఉత్తరం రాయిస్తూ ఉంటాడు: "అయ్యా, వచ్చే నెల రెండో మంగళవారం తెల్లవారుజామున మా సభ్యుల్లో నూటికి నలభైతొమ్మిది మందికి తీవ్ర జ్వరం రానున్నది. చర్చల పురోగతిని బట్టి శుక్రవారానికి తగ్గవచ్చును. తగు ఏర్పాట్లు చేసుకోగలరు."